పూచీ ఎవరిది? ముహమ్మద్ యూనస్ జీవితాన్ని గోదావరి డెల్టా నుంచి చదివితే

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లే ఆడవాళ్లకు దారం ఇచ్చేదీ, అల్లిన లేసు పట్టుకెళ్లేదీ ఒకరే. ఏజెంటు దారం తెచ్చిస్తాడు, డిజైను చూపిస్తాడు, పని అయ్యాక కూలి లెక్కకట్టి చేతిలో పెడతాడు. ఆ లేసు నగరంలో షోరూములోనో, సముద్రం దాటాకో ఎంతకు అమ్ముడయిందో అల్లిన మనిషికి తెలియదు. తెలిసినా బేరమాడే వీలు లేదు, దారం ఆవిడది కాదు కాబట్టి.

1976లో బంగ్లాదేశ్‌లో, చిట్టగాంగ్ విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న జోబ్రా అనే ఊళ్లో సూఫియా బేగం అనే ఆవిడ వెదురు పీటలు అల్లేది. వెదురుకి 5 టాకాలు (టాకా అంటే బంగ్లాదేశ్ రూపాయి) కావాలి, ఆవిడ దగ్గర లేవు. వ్యాపారి అప్పిచ్చేవాడు. షరతేమిటంటే, పీట అతనికే అమ్మాలి, అతను చెప్పిన ధరకే అమ్మాలి. అలా అమ్మితే ఆవిడకు మిగిలేది 50 పైసలు. ఆ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర శాఖకు అధిపతిగా ఉన్న ముహమ్మద్ యూనస్ ఆవిడ నోటి నుంచే ఈ లెక్క విన్నారు. తర్వాత ఆయన ఒక బ్యాంకు పెట్టారు, నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు, 84 ఏళ్ల వయసులో దేశాన్ని నడిపే కుర్చీలో కూర్చున్నారు.

ఆయన గురించి మన వైపు మూడు రకాల మాటలు వినిపిస్తాయి. పేదలకు అప్పు పుట్టించిన మహానుభావుడని కొందరంటారు. వారం వారం ఇంటి ముందుకొచ్చి వసూలు చేసే మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే వ్యాపారం) బాధంతా ఆయన మొదలుపెట్టిందేనని, 2010లో మన రాష్ట్రంలో ఆ అప్పుల మీద జరిగిన గొడవలు చూసినవాళ్లు అంటారు. 2024 తర్వాత ఢాకా వార్తలు చూసినవాళ్లకు ఆయన మీద ఇంకో రకం కోపం ఉంది. ఈ మూడూ ఒకే మనిషి చేసిన మూడు వేర్వేరు పనుల గురించి అంటున్న మాటలు. వాటిని కలిపేసి చూస్తే ఏదీ అర్థం కాదు. నేను విడివిడిగా చూడాలనుకుంటున్నాను. మూడింటిలోనూ అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే ఉంది: ఇందులో పూచీ ఎవరిది, ఎవరికి?

ఆర్థికవేత్త ఏం చూశారు

యూనస్ 1940లో చిట్టగాంగ్ జిల్లా బథువా అనే ఊళ్లో పుట్టారు. తండ్రి నగల వ్యాపారి. ఢాకా విశ్వవిద్యాలయంలో చదువుకుని, చిట్టగాంగ్ కాలేజీలో పాఠాలు చెబుతూనే ఒక ప్యాకేజింగ్ ఫ్యాక్టరీ పెట్టి లాభాల్లో నడిపారు. ఆర్థికవేత్త తర్వాత వ్యాపారి అయ్యాడని అందరూ రాస్తారు గానీ, నిజానికి వ్యాపారం ఆయన చేతికి ముందే అలవాటు. తర్వాత ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు, టెనెసీలో పాఠాలు చెప్పారు. బంగ్లాదేశ్ స్వాతంత్ర్యం వచ్చాక 1972లో ఇంటికి తిరిగొచ్చారు.

1974లో కరువొచ్చింది. క్లాసులో సిద్ధాంతాలు చెబుతుంటే బయట మనుషులు ఆకలితో చనిపోతున్నారు. ఆయన మొదట పట్టుకున్నది అప్పు కాదు, వ్యవసాయం. ఊళ్లో గొట్టపుబావి ఎండాకాలం ఊరికే పడి ఉండటం చూసి, దాని కింద రెండో పంట వేయించారు. భూమి గలవాడికి మూడో వంతు, దున్నినవాడికి మూడో వంతు, విత్తనాలకూ ఎరువులకూ పెట్టుబడి పెట్టిన తనకు మూడో వంతు అని ఒప్పందం. పంట బాగా పండింది. కొందరు తన వాటా పూర్తిగా ఇవ్వకపోవడంతో ఆయనకు నష్టం వచ్చింది. ఆయన అసలు పాఠం నేర్చుకున్నది మాత్రం నూర్పుళ్ల దగ్గర. పంట ఎంత పెరిగినా, ధాన్యం నూర్చే పేద ఆడవాళ్ల చేతికి వచ్చేది కూలి గింజలే. నీళ్లొస్తే భూమి ఉన్నవాడు బాగుపడతాడు. భూమి లేనివాళ్ల సంగతి వేరే చూడాలి.

ఈ మాట గోదావరి జిల్లాల వాళ్లకు కొత్తగా ఉండదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీళ్లు వచ్చాయి, కరువు నేల అన్నపూర్ణ అయింది. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మన దగ్గర అరుదు, అది న్యాయమే. కానీ నీళ్లు పట్టా ఉన్న భూమిలోకి వచ్చాయి. ఈరోజు ఆ పొలాల్లో సార్వా, దాళ్వా వేస్తున్నవాళ్లలో చాలామంది కౌలు రైతులు. ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా మాట్లాడుకుని, పంట వచ్చినా రాకపోయినా ఆ బస్తాలు కొలిచే మనుషులు. బ్యాంకు పంట రుణం ఇచ్చేది పట్టాదారు పాసు పుస్తకం చూసి. కాబట్టి తక్కువ వడ్డీ రుణం చాలాసార్లు రాజమండ్రిలోనో హైదరాబాదులోనో ఉండే యజమాని పేరు మీద వెళ్తుంది, పంట మాత్రం కౌలుదారు బయట తెచ్చిన డబ్బుతో పండుతుంది.

ఇక్కడ యూనస్ గమనించిన విషయాన్ని కొంచెం నిదానంగా చూడాలి, చాలామంది దీన్ని "వడ్డీ ఎక్కువ" అని ఒక్క మాటలో తేల్చేస్తారు కాబట్టి. సూఫియాకు అప్పిచ్చిన వ్యాపారి వడ్డీ అనే మాటే ఎత్తలేదు. 5 టాకాలు ఇచ్చాడు, పీట తీసుకున్నాడు, 50 పైసలు చేతిలో పెట్టాడు. వడ్డీ ఎక్కడుంది? పీట ధరలో దాక్కుని ఉంది. బజార్లో స్వేచ్ఛగా అమ్ముకుంటే వచ్చే ధరకీ, అతను కట్టిన ధరకీ మధ్య తేడా అంతా వడ్డీయే. అప్పూ అమ్మకమూ ఒకే మనిషి చేతిలో ముడిపడ్డప్పుడు వడ్డీ కంటికి కనబడదు, లెక్కకు అందదు, ఏ చట్టానికీ దొరకదు.

డెల్టాలో ఇది అడుగడుగునా ఉంది. నాట్లకు ముందు కమీషన్ వ్యాపారి పెట్టుబడి ఇస్తాడు, ఎరువు అరువుగా తోలిస్తాడు, కోతలయ్యాక ధాన్యం అతని కాటాకే వెళ్లాలి. తేమ ఎంత, తాలు ఎంత, బస్తాకు ఎంత తరుగు అన్నది అతనే చెబుతాడు. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లోనూ అంతే, మేత అరువు తెస్తే మేత ధర వేరు, రొయ్య అమ్మకం దగ్గర మాట వేరు. "నేను నూటికి రెండు రూపాయలే తీసుకుంటున్నా" అని ఆ వ్యాపారి చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. మిగతాది కాటా దగ్గర వసూలవుతుంది.

జోబ్రాలో సూఫియా లాంటి వాళ్లెంతమంది ఉన్నారో యూనస్ ఒక విద్యార్థిని చేత లెక్క తీయించారు. 42 మంది తేలారు. వాళ్లందరినీ వ్యాపారుల చేతుల్లోంచి బయటికి తేవడానికి కావలసిన మొత్తం 856 టాకాలు, అంటే అప్పటి లెక్కలో 27 డాలర్లు. ఆయన జేబులోంచి తీసి ఇచ్చేశారు. 42 కుటుంబాల లేమికి కారణం సోమరితనమో, చదువు లేకపోవడమో కాదు, ఒక ప్రొఫెసరు జేబులో పట్టేంత చిన్న మొత్తం వాళ్ల దగ్గర లేకపోవడం. ఆయన ఆర్థికశాస్త్ర జీవితంలో ఇంతకన్నా పెద్ద ఫలితం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

వ్యాపారవేత్త ఏం కట్టారు

జేబులోంచి ఇచ్చే డబ్బు ఎన్నాళ్లో సాగదు. ఆయన జనతా బ్యాంకుకు వెళ్లారు. తాకట్టు లేని పేదలకు అప్పివ్వడం కుదరదన్నారు బ్యాంకువాళ్లు. అయితే నేను హామీ ఉంటానన్నారు యూనస్. నెలల తరబడి తిరిగాక, 1976 చివర్లో బ్యాంకు ఒప్పుకుంది. ప్రతి అప్పు కాగితం మీదా ఆయనే పూచీ సంతకం పెట్టారు. జనం కట్టారు. బ్యాంకువాళ్లు, "ఒక ఊరు కాబట్టి సరిపోయింది" అన్నారు. ఊళ్లు పెంచినా కట్టారు. 1979లో టాంగాయిల్ జిల్లాకు వెళ్లారు, అక్కడా కట్టారు. 1983 అక్టోబరులో ప్రభుత్వ ఆర్డినెన్సుతో గ్రామీణ్ బ్యాంకు స్వతంత్ర బ్యాంకు అయింది.

దాని పద్ధతి మనకు బాగా తెలిసినట్టే ఉంటుంది. ఐదుగురు ఆడవాళ్ల గ్రూపు, అలాంటి గ్రూపులు కలిపి ఒక సెంటరు, వారానికోసారి మీటింగు, అందరి ఎదుట కిస్తీ. ముందు ఇద్దరికి అప్పు, వాళ్లు సక్రమంగా కడితే తర్వాత ఇద్దరికి, చివర లీడరుకు. కట్నం తీసుకోం, ఇవ్వం అనే మాటతో సహా 16 తీర్మానాలు. తాకట్టు స్థానంలో తోటి మనిషి మాట వచ్చింది.

వడ్డీ విషయం కొంత వివరంగా చెప్పాలి, ఇక్కడే ఎక్కువ గందరగోళం ఉంది. గ్రామీణ్ బ్యాంకు వ్యాపార అప్పుల మీద తీసుకున్నది ఏడాదికి 20 శాతం, అదీ తగ్గుతూ వచ్చే బాకీ మీద. 10,000 తీసుకుని ఏడాదిపాటు వారం వారం కడితే వడ్డీ మొత్తం దాదాపు 1,000 అవుతుంది. మన దగ్గర ఒకప్పుడు చాలా కంపెనీలు "12 శాతమే" అని చెప్పి ఫ్లాట్ రేటు వేసేవి. అంటే 10,000 మీద 1,200, యాభై వారాలకు వారానికి 224. వినడానికి 20 కన్నా 12 తక్కువ. కానీ పాతిక వారాలు గడిచేసరికి సగం అసలు తీరిపోయి ఉంటుంది, వడ్డీ మాత్రం చివరి వారం దాకా పూర్తి పదివేల మీదే నడుస్తుంది. సరిగ్గా లెక్కిస్తే అది దాదాపు 24 శాతం అవుతుంది. మన ఊరి భాషలో దాదాపు నూటికి రెండు రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు కలిపితే ఇంకా పైకి పోతుంది. అప్పు తీసుకునేటప్పుడు శాతం ఎంతని అడిగితే చాలదు. మొత్తం ఎంత కట్టాలి, ఎన్నాళ్లలో కట్టాలి అని రెండూ అడగాలి.

అయితే గ్రామీణ్ బ్యాంకులో అన్నిటికన్నా ముఖ్యమైనది వడ్డీ కాదు, వారం మీటింగూ కాదు. ఆ బ్యాంకు యజమానులెవరు అన్నది. మొదట్లో ఎక్కువ వాటా ప్రభుత్వానిది. తర్వాత అప్పు తీసుకున్న ప్రతి సభ్యురాలూ ఒక షేరు కొనుక్కుంటూ పోగా, 2006 నాటికి 90 శాతానికి పైగా వాటా అప్పు తీసుకున్నవాళ్లదే అయింది. వాళ్లలో 97 శాతం ఆడవాళ్లు. బోర్డులో 9 స్థానాలు వాళ్లు ఎన్నుకున్న మహిళలవి. పైగా అది బ్యాంకు కాబట్టి డిపాజిట్లు తీసుకోగలదు. ఒక పల్లెలో దాచుకున్న డబ్బే ఇంకో పల్లెలో అప్పుగా తిరుగుతుంది. లాభం వస్తే ఎక్కడికో పోదు, కట్టినవాళ్లకే డివిడెండుగా వస్తుంది. 20 శాతం వడ్డీ భరించదగ్గదా కాదా అన్న చర్చను ఈ విషయం తెలిశాకే మొదలుపెట్టాలి.

లోపాలు లేవని కాదు. 1998లో బంగ్లాదేశ్‌ను వరద ముంచెత్తినప్పుడు కిస్తీలు ఆగిపోయాయి. గ్రూపు హామీ ఒక ఇంటికి కష్టం వచ్చినప్పుడు పనిచేస్తుంది, ఐదిళ్లూ ఒకేసారి మునిగితే ఎవరికెవరు పూచీ పడతారు? 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరి తోటలు రాత్రికి రాత్రి నేలకొరగడం చూసినవాళ్లకు ఈ ప్రశ్న అర్థం చేయించనక్కర్లేదు. తుఫానుకు పాలివాళ్లనీ పక్కింటివాళ్లనీ తేడా ఉండదు. గ్రామీణ్ బ్యాంకు అప్పుడు తన పద్ధతినే తిరగరాసుకుంది. 2002 నాటికి గ్రూపు ఉమ్మడి హామీ తీసేసి, కష్టమొస్తే కిస్తీ తగ్గించి గడువు పెంచే ఏర్పాటు పెట్టింది. ఇది చాలామందికి తెలియదు. ఆయన వదిలేసిన పద్ధతినే ఇంకా ఆయన పేరు చెప్పి నడుపుతున్నవాళ్లు ఉన్నారు.

ఆయన మిగతా వ్యాపారాల్లో రెండు చెబితే చాలు. 1997లో మొదలైన గ్రామీణ్‌ఫోన్, నార్వే కంపెనీ టెలినార్‌తో కలిసి పెట్టింది. ఊరి ఆడవాళ్లు అప్పు మీద ఫోను కొని నిమిషాలు అమ్ముకునే పథకం దాంట్లో భాగం. కంపెనీ దేశంలోనే పెద్దదయింది. కానీ మెజారిటీ వాటా టెలినార్ దగ్గరే ఉండిపోయింది, ఇస్తామన్న మాట నిలబెట్టుకోలేదని యూనస్ బహిరంగంగానే అన్నారు. రెండోది ఫ్రెంచి కంపెనీ డానోన్‌తో కలిసి బోగ్రాలో పెట్టిన పెరుగు ఫ్యాక్టరీ, పిల్లల పోషణ కోసం. పాల ధర పెరిగి పెరుగు కప్పు ధర పెంచగానే పల్లెల్లో అమ్మకాలు పడిపోయాయి. మంచి ఉద్దేశం పాల ధరను ఆపలేదు. యాజమాన్యం చేతిలో ఉన్న చోట ఆయన గెలిచారు, లేని చోట మాట మీద ఆధారపడి దెబ్బతిన్నారు.

మన దగ్గరికి వచ్చిందేమిటి

ఇక్కడ రెండు వేర్వేరు ప్రవాహాలున్నాయి, వాటిని కలిపేయడం వల్ల చాలా అపార్థాలు వచ్చాయి. మొదటిది డ్వాక్రా, అంటే మహిళా పొదుపు సంఘాల పథకం. 1982లో కేంద్ర పథకంగా మొదలైంది, 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం చేసింది, 2000 తర్వాత వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం వచ్చింది. పదిమందికి పైగా ఉండే సంఘం, రోజుకో రూపాయి పొదుపు, తీర్మానం పుస్తకం, తర్వాత బ్యాంకు లింకేజీ. ఇది పొదుపుతో మొదలవుతుంది. గ్రామీణ్ పద్ధతి అప్పుతో మొదలవుతుంది. పావలా వడ్డీ, సున్నా వడ్డీ అన్నవి ప్రభుత్వం భరించే రాయితీలు. యూనస్ రాయితీ వడ్డీకి ఎప్పుడూ అనుకూలం కాదు.

రెండోది ప్రైవేటు మైక్రోఫైనాన్స్. ఐదుగురి గ్రూపు, వారం కిస్తీ, మీటింగు, ప్రతిజ్ఞ అన్నీ గ్రామీణ్ నుంచే వచ్చాయి. రాకుండా పోయింది యాజమాన్యం. మన చట్టం ప్రకారం ఈ కంపెనీలు డిపాజిట్లు తీసుకోలేవు. కాబట్టి డబ్బు బ్యాంకుల నుంచి, ఆ తర్వాత పెట్టుబడిదారుల నుంచి రావాలి. పెట్టుబడిదారుడు ఏటా ఎంత పెరిగారని అడుగుతాడు. పెరగాలంటే కొత్త మనుషులు కావాలి, లేదా ఉన్న మనిషికే ఇంకో అప్పు కావాలి. ఒకే ఇంట్లో నాలుగు కంపెనీల పాస్‌బుక్కులు అలా చేరాయి. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి రెండో కంపెనీ దగ్గర తీసుకోవడం మొదలైంది. రికవరీ 99 శాతమని కంపెనీ పుస్తకాల్లో కనబడేది. ఆ 99 శాతంలో కొంత పక్క కంపెనీ అప్పే.

2006లో పక్కనున్న కృష్ణా జిల్లాలో అధికారులు రెండు పెద్ద సంస్థల శాఖలు మూయించారు. అది హెచ్చరిక. ఎవరూ ఆగలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీ షేరు మార్కెట్లో లిస్టయింది, దాదాపు 1,650 కోట్ల రూపాయలు వచ్చాయి. సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఒకే వేదిక మీద యూనస్, ఎస్‌కేఎస్ వ్యవస్థాపకుడు విక్రమ్ ఆకుల ఎదురెదురు కూర్చుని వాదించుకున్నారు. కోట్లమందికి అప్పు చేరాలంటే మార్కెట్ డబ్బు తప్పదని ఆకుల వాదన. పేదల నుంచి లాభం తీసి బయటి షేరుదారులకు పంచడమే తప్పని, స్థానిక పొదుపుతోనే నడపాలని యూనస్ వాదన. నెల తిరగకుండానే మన రాష్ట్రం నుంచి సమాధానం వచ్చింది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు, తర్వాత అక్టోబరు 15 ఆర్డినెన్సు. కిస్తీ వారానికి కాదు నెలకే, వసూలు ఇంటి ముందు కాదు పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోటే, వడ్డీ అసలును మించకూడదు. కట్టడం దాదాపు ఆగిపోయింది.

ఆ చట్టం అవసరమైంది. మనుషులు చనిపోతుంటే చూస్తూ కూర్చోలేరు. కానీ దాని ఖర్చు కూడా చెప్పుకోవాలి. కంపెనీలు దేశమంతటా అప్పులు తగ్గించుకున్నాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలిస్తే, అప్పు ఎండిపోయిన ఇతర రాష్ట్రాల జిల్లాల్లో కూలి రేట్లూ కుటుంబాల ఖర్చూ తగ్గినట్టు తేలింది. అప్పు తీసుకోనివాళ్ల కూలి కూడా పడిందన్నమాట. ఇంకోవైపు, అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం హైదరాబాదులో 104 బస్తీలు తీసుకుని, సగం చోట్ల మైక్రోఫైనాన్స్ శాఖలు ముందుగా తెరిపించి పోల్చి చూసింది. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి కొంత పెంచుకున్నారు, ఇంట్లో పెద్ద వస్తువులు కొన్నారు. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు పెద్దగా మారలేదు. చిన్న అప్పు పేదరికాన్ని తుడిచిపెడుతుందని యూనస్ చెప్పిన పెద్ద మాటకు రుజువు దొరకలేదు. అప్పు చెడ్డదన్న మాటకూ దొరకలేదు.

లేసు దగ్గర కారణం కనబడుతుంది. ఒక సంఘం సభ్యురాలు 20,000 తీసుకుని సొంతంగా దారం కొనుక్కుందనుకోండి. ఏజెంటు ముడి సగం విడిపోయింది. కానీ డిజైను ఆర్డరు ఎవరిస్తారు? నాణ్యత చూసి, కడిగి, కుట్టి, ప్యాక్ చేసి, ఎగుమతిదారుడి దాకా చేర్చేదెవరు? సూఫియా పీట పక్క బజార్లోనే అమ్ముడవుతుంది కాబట్టి వెదురు అప్పు విడిపిస్తే చాలింది. లేసు బజారు వేల మైళ్ల అవతల ఉంది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి ఈ ఇళ్లలో తిరిగి తేల్చింది కూడా అదే. అల్లే పని ఆడవాళ్లది, వ్యాపారం మగవాళ్లది, అల్లేవాళ్లను పనివాళ్లుగా కాక తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కేశారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, కూలి రేటును తనంత తాను పెంచదు.

కౌలు రైతుకు వారం కిస్తీ అసలే కుదరదు. డబ్బు కోతలప్పుడు ఒక్కసారే చేతికొస్తుంది. 2011లో గిట్టుబాటు లేదని కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన ఏడాదే కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు) కార్డులు వచ్చాయి, వాటికి భూ యజమాని సమ్మతి కావాలి. కార్డిస్తే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమాని భయం. చట్టం ఆ భయం అక్కర్లేదంటుంది, సంతకం మాత్రం రాదు. ఇక్కడ జోబ్రాలోలాగా పూచీ సంతకం పెట్టే మనిషి లేడు.

ప్రజాసేవకుడిగా

యూనస్ ప్రభుత్వంలోకి రావడం 2024లో మొదటిసారి కాదు. 1996లో ఎన్నికలు జరిపించిన ఆపద్ధర్మ ప్రభుత్వంలో సలహాదారుగా పనిచేశారు. నోబెల్ వచ్చిన మరుసటి ఏడాది, 2007లో, సొంత పార్టీ పెడతానని ప్రకటించి కొన్ని నెలలకే విరమించుకున్నారు. ఆ ప్రకటనతో రాజకీయ నాయకులకు ఆయన పోటీదారుగా కనబడ్డారు. 2011లో, 60 ఏళ్ల వయోపరిమితి దాటారని బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఆయన్ను గ్రామీణ్ బ్యాంకు ఎండీ పదవి నుంచి తొలగించింది, కోర్టులు సమర్థించాయి. దాని వెనక రాజకీయ కక్ష ఉందని నేను నమ్ముతాను. అయినా 70 ఏళ్లు వచ్చేదాకా తన తర్వాత ఎవరన్నది తేల్చకుండా ఒక్కరే నడపడం ఆ సంస్థకు మంచి చేయలేదని కూడా అంతే గట్టిగా అంటాను. లక్షలమంది యజమానులున్న బ్యాంకు ఒక్క మనిషి కుర్చీ మీద ఆధారపడకూడదు.

2024 జనవరిలో కార్మిక చట్టం కేసులో ఆరు నెలల శిక్ష పడింది. ఆగస్టులో విద్యార్థుల ఉద్యమంతో షేక్ హసీనా ప్రభుత్వం కూలింది, ఆ కేసులో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు, ఆగస్టు 8న తాత్కాలిక ప్రభుత్వానికి ప్రధాన సలహాదారుగా ప్రమాణం చేశారు. తర్వాత శాంతిభద్రతల వైఫల్యం మీద, హిందువుల మీద దాడుల మీద విమర్శలు వచ్చాయి. 2025 మేలో హసీనా పార్టీ అవామీ లీగ్ కార్యకలాపాలను నిషేధించారు. దశాబ్దాలపాటు నమ్మకం మీద అప్పిచ్చిన మనిషి పాలనలో, అల్పసంఖ్యాకులు భయంతో బతకాల్సి రావడం నన్ను బాధపెట్టింది.

నోబెల్ వచ్చినంత మాత్రాన ఆయన దేశాన్నీ చక్కగా నడుపుతారని అనుకోవడంలో ఒక పొరపాటు ఉంది. బ్యాంకు నచ్చకపోతే సభ్యురాలు మానేయొచ్చు. దేశం నచ్చకపోతే పౌరుడు మానేయలేడు. బ్యాంకుకు ఎంత శాతం వసూలయిందన్న కొలమానం ఉంది, పోలీసు స్టేషనుకు అలాంటి ఒక్క అంకె లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, గ్రామీణ్ బోర్డులో ఎన్నుకున్న 9 మంది ఆడవాళ్లు ఉన్నారు, ఆయన నడిపిన తాత్కాలిక ప్రభుత్వాన్ని ఎవరూ ఎన్నుకోలేదు. పూచీ అడిగేవాళ్లు లేని చోట మంచి మనిషి కూడా తన చుట్టూ ఉన్నవాళ్లకే జవాబు చెప్పుకుంటాడు.

మన వైపు యాజమాన్యం విషయంలో గ్రామీణ్‌కు కొంత దగ్గరగా ఉన్నది స్త్రీనిధి. 2011లో సహకార సమాఖ్యగా పెట్టారు. ప్రభుత్వంతోపాటు మండల మహిళా సమాఖ్యలు అందులో వాటాదారులు. అంటే ఊరి సంఘంలో పొదుపు కట్టే మనిషి, గ్రామ సంఘం, మండల సమాఖ్య మెట్ల మీదుగా, తనకు అప్పిచ్చే సంస్థలో భాగస్వామి. చాలామంది సభ్యులు మాత్రం దాన్ని ప్రభుత్వ లోనుగానే చూస్తారు, కిస్తీ ఎప్పుడు, మాఫీ ఎప్పుడు అనే అడుగుతారు. మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆ సంస్థ జమాఖర్చులు తెలుగులో చదివి వినిపించమని, మిగులు ఎంతో, దాన్ని దేనికి వాడారో, కౌలు రైతుల ఇళ్లకు కోతల లెక్కన కిస్తీ పెట్టే వీలుందో లేదో చెప్పమని సభ్యులు తీర్మానం పుస్తకంలో రాయించవచ్చు. అది అడగడానికి వాళ్లకు కొత్త చట్టం అక్కర్లేదు, వాటాదారులుగా ఆ హక్కు వాళ్లకు ఉంది.